దంతములకు బీమా తీసుకోవాలా?

ఆరోగ్య బీమా గురించి నన్ను అడిగేవారు చాలామంది ఉన్నారు. దంత బీమా గురించి అడిగేవారు మాత్రము అరుదు. గత నెలలో గద్వాల నుండి మా చెల్లెలి కొడుకు ఫోను చేసి, “మామా, పండ్లకు గూడ బీమా ఉంటదంట గద! ఏజెంటు దినాం దుకాణం కాడికొస్తున్నడు. తీస్కోమంటవా, వద్దంటవా?” అని అడిగాడు. అతనికి గద్వాలలో చీరల దుకాణమున్నది. భార్య, ఇద్దరు పిల్లలు. డబ్బు విషయములో ఆచితూచి నడిచే మనిషి.

నేను వెంటనే సమాధానము చెప్పలేదు. ఒక వారము గడువు అడిగాను. వైద్యునిగా నలభై ఏళ్ళు గడిపినవాడిని, ఇంత చిన్న ప్రశ్నకు వారము ఎందుకని మీకు అనిపించవచ్చును. రెండేళ్ళ క్రితము ఇదే ప్రశ్నకు నాగర్‌కర్నూలులోని మా తమ్మునికి నేను తొందరపడి ఒక సమాధానము చెప్పాను. అది అతని ప్రాణము మీదికి వచ్చినది. అందువలన ఈసారి కాగితము, కలము తీసుకొని కూర్చున్నాను. ఆ లెక్కను, ఆ కథను మీ ముందు ఉంచుతున్నాను. మీ ఇంటి నిర్ణయము మీరే చేసుకోవచ్చును.

మా తమ్ముని పన్ను

మా తమ్మునికి కిరాణా దుకాణమున్నది. వయస్సు 58. పదేళ్ళుగా మధుమేహ వ్యాధి ఉన్నది. ఒకనాడు వనపర్తికి మా ఇంటికి వచ్చినప్పుడు భోజనము దగ్గర ఎడమ ప్రక్క నమలకుండా కుడిప్రక్కనే నములుతున్నాడు. అడిగితే క్రింది దవడలో వెనుక పన్ను పుచ్చిందని, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటున్నదని చెప్పాడు. టార్చిలైటు వేసి చూసాను. రెండవ విసురుదంతములో నల్లని గుంట ఉన్నది. దంతవైద్యునికి చూపిస్తే ఆ దినమే శుభ్రపరచి పూడ్చేవారు. 1,200 రూపాయలకు మించి అయ్యేది కాదు.

అప్పుడే అతని ఆరోగ్య బీమాను పునరుద్ధరించే సమయము వచ్చినది. అదనముగా కొంత చెల్లిస్తే ఆసుపత్రిలో చేరకుండా బయట చేయించుకునే చికిత్సలకు, దంత చికిత్సలతో సహా, రక్షణ ఇస్తామని కంపెనీవారు అన్నారు. దంతములకు 90 దినముల నిరీక్షణ కాలమున్నది. ఆ గడువు లోపల చేయించుకున్న చికిత్సకు పైసా రాదు. “ఇప్పుడే ఎందుకు డబ్బు పెడతావు? పాలసీ తీసుకో, మూడు నెలలు ఆగి చూపించుకో” అని సలహా చెప్పినవాడిని నేనే. ఇల్లు నడిపే పెద్దన్నగా మాట్లాడానే కాని వైద్యునిగా మాట్లాడలేదు.

రెండవ నెలలో నొప్పి పెరిగినది. మందుల దుకాణములో నొప్పి బిళ్ళలు తెచ్చుకొని మింగాడు. “డాక్టరుకు చూపిద్దామా?” అని మా మరదలు అడిగితే, “ఇంకొక్క నెల ఆగితే అయిపోతది గద, అన్ననే చెప్పిండు” అన్నాడట. తరువాత ఒక దినము నొప్పి దానంతట అదే తగ్గిపోయినది. ఫోనులో ఆ మాట చెబితే నేను కూడా సంతోషించాను.

ఇక్కడ పాఠకులు ఒక విషయము గుర్తుంచుకోవాలి. పుచ్చిన పన్నులో నొప్పి చికిత్స లేకుండా పోయినదంటే పన్ను బాగుపడినట్లు కాదు. పన్ను పైన ఉండే పింగాణి పొరకు నరములు లేవు. అది అరిగినా, పుచ్చినా తిరిగి పెరగదు. దాని క్రింద దంతధాతువు, దాని లోపల రక్తనాళములు, నరములు ఉండే దంతమజ్జ ఉంటాయి. సూక్ష్మజీవులు మజ్జను చేరినప్పుడు భరించలేని నొప్పి వస్తుంది. మజ్జ చనిపోయినప్పుడు నొప్పి ఆగిపోతుంది. సూక్ష్మజీవులు మాత్రము ఆగవు. అవి వేరు కొస నుండి దవడ ఎముకలోనికి, అక్కడి నుండి మెత్తని కణజాలములోనికి ప్రాకుతాయి. మధుమేహము అదుపులో లేనివారిలో ఆ వ్యాప్తి మరింత వేగముగా జరుగుతుంది.

మూడు వారములు గడిచాయి. ఒక తెల్లవారుజామున మరదలు ఫోను చేసినది. “బావా, మాట సరిగ్గ వస్తలేదు. నోట్ల నీళ్ళు గూడ మింగలేకపోతున్నడు” అన్నది. నేను వెళ్ళేసరికి గడ్డము క్రింద రెండు ప్రక్కలా చెక్కలా గట్టిపడిన వాపు ఉన్నది. నోరు రెండు వ్రేళ్ళంత కూడా తెరుచుకోలేదు. నాలుక పైకి లేచి అంగుటిని తాకుతున్నది. పడుకుంటే ఊపిరి ఆడక, కూర్చొని ముందుకు వంగి ఉన్నాడు.

దీనిని లుడ్విగ్ ఏంజైనా అంటారు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు దీనిని వర్ణించాడు. క్రింది దవడలోని రెండవ, మూడవ విసురుదంతముల వేళ్ళ నుండి చీము నాలుక క్రిందికి, గొంతులోనికి దిగడము వలన కలుగుతుంది. యాంటిబయాటిక్ ఔషధములు రాకముందు దీని పాలబడినవారిలో సగము మందికి పైగా మరణించేవారు. మరణము ఎక్కువగా ఊపిరి మార్గము మూసుకుపోవడము వలన వచ్చేది.

నాగర్‌కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో యువ వైద్యురాలు ఒక్క నిమిషము కూడా వృథా చేయలేదు. ప్రాణవాయువు, సిర ద్వారా మందులు మొదలుపెట్టి 108 వాహనములో హైదరాబాదుకు పంపించారు. అక్కడ గొంతుకు రంధ్రము చేసి శ్వాసకు దారి ఏర్పరచారు. చీము తీసి, ఆ పన్నును కూడా తీసివేసారు. 11 దినములు ఆసుపత్రిలో ఉన్నాడు. నాలుగు దినములు అత్యవసర విభాగములో గడిచాయి. ఆ నాలుగు దినములు మరదలి ముఖము చూడలేక నేను వరండాలోనే కూర్చున్నాను.

బతికాడు. ఆసుపత్రి ఖర్చు లక్షా ఎనభై వేలు దాటినది. అందులో అధిక భాగము అతని పాత ఆరోగ్య బీమా చెల్లించినది. దంత బీమా? అది అమలులోనికి వచ్చే దినానికి ఆ పన్నే లేదు. కట్టుడు పన్ను పెట్టించుకుందామంటే కృత్రిమ దంతములు మినహాయింపుల జాబితాలో ఉన్నాయి.

ఒకే మనిషి, ఒకే జబ్బు, రెండు బీమాలు. ఒకటి అతని ఇంటిని అప్పుల నుండి కాపాడినది. రెండవది 1,200 రూపాయల చికిత్సను మూడు నెలలు వాయిదా వేయించినది. ఈ తేడాను అర్థము చేసుకుంటే మన ప్రశ్నకు సగము సమాధానము దొరుకుతుంది.

బీమా దేనికి? గల్లపెట్టె దేనికి?

అరుదుగా జరిగేది, ఎప్పుడు జరుగుతుందో తెలియనిది, జరిగితే మనము భరించలేనిది అయిన నష్టమునకు బీమా ఉన్నది. ఇల్లు తగలబడడము, రోడ్డు ప్రమాదము, గుండెపోటు, క్యాన్సర్ అటువంటివి. వేయిమంది తలా కొంచెము వేసుకుంటే, ఆపద వచ్చిన పదిమందికి అది సరిపోతుంది.

దంతముల సంగతి వేరు. పుచ్చుపన్ను, చిగుళ్ళ జబ్బు ప్రపంచములో అత్యధికముగా కనిపించే వ్యాధులలోనివి. దాదాపు ప్రతి ఇంటికీ వస్తాయి. చాలావరకు ముందుగానే తెలుస్తాయి. ఒక్కొక్క చికిత్సకు అయ్యే ఖర్చు వందలలోనో, వేలలోనో ఉంటుంది. అందరికీ వచ్చేదానికి అందరూ డబ్బు వేసుకుంటే, ఎవరి డబ్బు వారికే తిరిగివస్తుంది. మధ్యలో కంపెనీ నిర్వహణ ఖర్చు, ఏజెంటు కమీషను తగ్గుతాయి.

పైగా పన్ను పుచ్చినవారే దంత బీమా కొనుక్కోవడానికి ముందుకు వస్తారు. మా తమ్ముడు చేసినది అదే. ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. కనుకనే నిరీక్షణ కాలము, సంవత్సరానికి గరిష్ఠ పరిమితి, ఖర్చులో సగము మీరే భరించాలనే నిబంధన, మినహాయింపులు పెడతారు. ఇందులో మోసమేమీ లేదు. అవి లేకపోతే ఆ పాలసీ నిలబడదు. అవి ఉండడము వలన అది మనకు అంతగా ఉపయోగపడదు.

మన జిల్లా, మన బీమా

ప్రజలకు ఆరోగ్య బీమా అంటే ఏమిటో మన ప్రాంతము తొందరగానే చూసినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదలైనప్పుడు తొలి విడతగా ఎంపికైన మూడు జిల్లాలు అనంతపురము, మహబూబ్‌నగర్, శ్రీకాకుళము. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. వలస కూలీల జిల్లాగా పేరు పడిన పాలమూరులో, ముంబయి, పుణె నగరములకు పనికి పోయి గుండె జబ్బుతో తిరిగివచ్చినవారికి పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స ఉచితముగా జరగడము నేను కళ్ళారా చూసాను. తెలంగాణలో ఆ పథకపు పరిమితిని 2023 డిసెంబరు 9 నుండి కుటుంబమునకు సంవత్సరానికి 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఆ పథకము పెద్ద జబ్బులకు ఉద్దేశించినది. నోటి క్యాన్సర్ శస్త్రచికిత్స, ప్రమాదములో దవడ విరిగితే చేసే చికిత్స వంటివి దాని పరిధిలోనికి వస్తాయి. పన్ను పూడ్చడము, రూట్ కెనాల్ అని అందరూ పిలిచే దంతమూల చికిత్స, పన్నుకు తొడుగు, కట్టుడు పళ్ళు రావు.

ప్రైవేటు ఆరోగ్య బీమాలు కూడా ఇంచుమించు అదే దారిలో ఉంటాయి. ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన దంత చికిత్సకు, ముఖ్యముగా ప్రమాదము వలన కలిగిన గాయములకు చెల్లిస్తాయి. కుర్చీలో కూర్చోబెట్టి గంటలో ముగించే చికిత్సకు చెల్లించవు. 2020 ఏప్రిల్ నుండి కంపెనీలన్నీ ఒకే నమూనాలో ఇస్తున్న ఆరోగ్య సంజీవని పాలసీలో వ్యాధి వలన గాని, గాయము వలన గాని అవసరమైన దంత చికిత్స అనే మాట ఉన్నది. అయితే అది కూడా ఆసుపత్రి చికిత్సలో భాగముగానే. దంతవైద్యుని గదికి వెళ్ళివచ్చిన ప్రతి రశీదుకూ డబ్బు వస్తుందని ఆ మాటను చూసి అనుకోకూడదు.

అమెరికాలో ఎలా?

“అమెరికాల మా బిడ్డకు పండ్ల బీమా ఉన్నది, మనకెందుకు వద్దు?” అని కొందరు అడుగుతారు. అక్కడ ఈ బీమా 1954లో పడమటి తీరపు ఓడరేవు కార్మికుల సంఘము తమ పిల్లల దంతవైద్యము కోసము పట్టుబట్టి సాధించుకున్న ఏర్పాటుతో వేళ్ళూనుకున్నది. ప్రీమియములో పెద్ద భాగము యజమాని కడతాడు. అక్కడి చికిత్స ఖర్చు కూడా మనదానికి ఎన్నో రెట్లు. అంత ఉండి కూడా చాలా పాలసీలలో సంవత్సరపు పరిమితి 1,000 నుండి 2,000 డాలర్ల దగ్గరే ఉంటుంది. పరీక్షలకు పూర్తిగా, పూడికలకు 80 శాతము, తొడుగులకు 50 శాతము ఇవ్వడము సాధారణ పద్ధతి. వృద్ధులకు ప్రభుత్వము ఇచ్చే మెడికేర్‌లో మామూలు దంత చికిత్స అసలు లేదు. అందుకే సెలవులకు వచ్చిన మన పిల్లలు పెళ్ళిళ్ళతో పాటు పళ్ళ పని కూడా ఇక్కడే ముగించుకొని వెళతారు.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట. సందర్శకుల బీమాలో దంతములకు ఉండేది చాలా స్వల్పము. అది కూడా ఆకస్మిక నొప్పికి, గాయమునకు మాత్రమే. విమానము ఎక్కడానికి రెండు నెలల ముందే దంతవైద్యునికి చూపించుకోండి.

గద్వాల లెక్క

ఇప్పుడు మా అల్లుని సంగతికి వద్దాము. ఏజెంటు ఇచ్చిన కాగితములు ఫోనులో తెప్పించుకొని చదివాను. నలుగురికి కలిపి సంవత్సరానికి ప్రీమియము 5,600 రూపాయలు. దంత చికిత్సకు కుటుంబము మొత్తానికి పరిమితి 10,000. పరీక్షలు, పళ్ళు శుభ్రపరచడము ఉచితము. పూడికకు 80 శాతము, దంతమూల చికిత్సకు, తొడుగుకు 50 శాతము ఇస్తారు.

మామూలు సంవత్సరములో ఆ ఇంటికి ఎంత ఖర్చవుతుంది? గద్వాలలో అతను వెళ్ళే దంతవైద్యుని ధరలనే తీసుకున్నాను. నలుగురికి పరీక్ష 200 చొప్పున 800, పెద్దవారిద్దరికీ పళ్ళు శుభ్రపరచడానికి 800 చొప్పున 1,600, పిల్లలలో ఒకరికి ఒక పూడిక 1,200. మొత్తము 3,600 రూపాయలు. బీమా ఉంటే ప్రీమియము 5,600, పూడికలో తన వాటా 240, మొత్తము 5,840. అంటే బీమా వలన 2,240 రూపాయలు నష్టము.

చెడ్డ సంవత్సరము చూద్దాము. పై ఖర్చులకు తోడు ఒక దంతమూల చికిత్సకు 4,500, తొడుగుకు 5,000 అయినాయనుకుందాము. బీమా లేకపోతే మొత్తము 13,100. బీమా ఉంటే ప్రీమియము 5,600, పూడిక వాటా 240, ఇందులో సగము 4,750, మొత్తము 10,590. బీమా వలన 2,510 రూపాయలు లాభము. అంటే చెడ్డ సంవత్సరము దాదాపు రెండేళ్ళకొకసారి వస్తే గాని లాభనష్టములు సరితూగవు.

మరీ చెడ్డ సంవత్సరములో రెండు పళ్ళకు మూల చికిత్స, రెండు తొడుగులు అవసరమైతే? అప్పుడు పరిమితి అడ్డు వస్తుంది. ఎంత ఖర్చయినా కంపెనీ ఇచ్చేది 10,000 మాత్రమే. అందులో ప్రీమియము 5,600 తీసివేస్తే, ఈ పాలసీ వలన ఏ సంవత్సరములోనైనా కలుగగల అత్యధిక లాభము 4,400 రూపాయలు. లెక్కలు ఇష్టము లేనివారు ఈ ఒక్క తీసివేత చేస్తే చాలును. పరిమితి నుండి ప్రీమియము తీసివేయండి. మిగిలిన మొత్తము మీ ఇంటిని నిజముగా ఆదుకొనేటంత ఉన్నదా అని ప్రశ్నించుకోండి.

ఇక కాగితములో నాలుగవ పుటలో ఉన్న సంగతి మరొకటి. ఈ రాయితీలు కంపెనీ జాబితాలోని దంతవైద్యుల దగ్గరే వర్తిస్తాయి. జాబితాలో గద్వాలవారు ఒక్కరూ లేరు. దగ్గరలో ఉన్నది కర్నూలు. దంతమూల చికిత్సకు రెండు మూడు సార్లు వెళ్ళవలసి ఉంటుంది. ప్రతిసారీ బస్సు ఖర్చు, ఒక దినము దుకాణము మూత. ఆ అత్యధిక లాభము కూడా అక్కడే కరిగిపోతుంది.

ఎవరు తీసుకోవచ్చును?

దంత బీమా ఎవరికీ పనికిరాదని నేను అనడము లేదు. ప్రీమియమును మీ యజమాని కడుతుంటే తప్పక తీసుకోండి. మీ ఊరిలో మీరు నమ్మిన దంతవైద్యుడు జాబితాలో ఉండి, పరిమితి ప్రీమియమునకు ఎన్నో రెట్లు ఉంటే ఆలోచించవచ్చును. బయటి చికిత్సల రక్షణలో దంతములతో పాటు మీరు ఎటూ చేయించుకునే రక్తపరీక్షలు, మందులు, వైద్యుల ఫీజులు కూడా వస్తుంటే వాటన్నిటినీ కలిపి లెక్క వేయండి. డబ్బు కట్టినాము కనుక పరీక్షకు వెళదామనే స్వభావము కలవారికి అది ఒక మేలే.

సంతకము పెట్టేముందు అయిదు ప్రశ్నలు వేయండి. నిరీక్షణ కాలమెంత, ఏ చికిత్సకు ఎంత? సంవత్సరపు పరిమితి ఒక్కొక్కరికా, కుటుంబానికా? మన వాటా ఎంత శాతము? జాబితాలోని వైద్యులు మన ఊరిలో ఉన్నారా? మినహాయింపులు ఏమిటి?

చివరి ప్రశ్న మన ప్రాంతమువారికి ముఖ్యము. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొన్ని గ్రామములలో బోరునీటిలో ఫ్లోరైడు అధికముగా ఉండేది. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రమాణము. చిన్నతనములో అటువంటి నీరు త్రాగినవారి పళ్ళపై గోధుమరంగు మరకలు ఉంటాయి. వాటిని తొలగించడమును కంపెనీలు అందము కొరకు చేసే చికిత్సగా లెక్కించి మినహాయిస్తాయి.

పాలసీ వచ్చిన తరువాత చదివి నచ్చకపోతే 30 దినములలోగా తిరిగి ఇచ్చివేయవచ్చును. ఈ గడువును 2024లో 15 దినముల నుండి పెంచారు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియములపై జి.ఎస్.టి. కూడా లేదు. “పన్ను కలిపి” అని ఎవరైనా అదనముగా అడిగితే ప్రశ్నించండి.

దంత బీమా లేకపోయినా ఫరవాలేదు. ఆసుపత్రి ఖర్చులకు ఆరోగ్య బీమా గాని, ఆరోగ్యశ్రీ గాని లేకుండా మాత్రము ఉండవద్దు. మా తమ్ముని ఇంటిని నిలబెట్టినది అదే.

ఆ డబ్బుతో ఏమి చేయాలి?

“బీమా వద్దు” అన్న మాటతో ఆగితే నా సలహా మళ్ళీ సగము సలహాయే అవుతుంది. బీమా కట్టక, చికిత్స చేయించుకోక ఊరకుంటే రెండు విధములా నష్టము. మా అల్లునికి నేను చెప్పినది ఇది. నెలకు 500 రూపాయలు పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిటుగానో, ఇంట్లో ఒక డబ్బాలోనో వేరుగా ఉంచాలి. సంవత్సరానికి 6,000 అవుతుంది. మంచి సంవత్సరములో మిగిలినది చెడ్డ సంవత్సరానికి పనికి వస్తుంది. దీనికి నిరీక్షణ కాలము లేదు, మినహాయింపులు లేవు. ఏ ఊరి వైద్యుడైనా జాబితాలో ఉన్నట్లే. నియమము ఒక్కటే. ఆ డబ్బును పళ్ళకు తప్ప మరి దేనికీ ముట్టుకోకూడదు.

ఖర్చు భరించలేనివారు మొదట ప్రభుత్వ ఆసుపత్రిలోని దంత విభాగమునకు వెళ్ళండి. పెద్ద చికిత్సలకు దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లోనూ, కర్నూలులోనూ, రాయచూరులోనూ ఉన్నాయి. గద్వాలవారికి రాయచూరు రైలు మార్గము కూడా ఉన్నది. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. సమయము ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువవుతుంది. బడిపిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జరిపే పరీక్షలలో దంతవ్యాధులు కూడా ఉన్నాయి. ఆ బృందము బడికి వచ్చినప్పుడు పిల్లలను మానిపించకండి.

ఖర్చు లేని రక్షణ

దినమునకు రెండుసార్లు, ముఖ్యముగా రాత్రి పడుకోబోయేముందు, ఫ్లోరైడు కలిగిన టూత్‌పేస్టుతో మెత్తని బ్రష్షుతో తోముకోవాలి. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు పింగాణి పొరను అరగదీస్తాయి. వేపపుల్ల వాడేవారు చిగుళ్ళు గీరుకోకుండా వాడుకోవచ్చును. కాని అందులో ఫ్లోరైడు లేదని గుర్తుంచుకోవాలి.

తీపి ఎంత తిన్నామనే దానికంటె ఎన్నిసార్లు తిన్నామనేది పళ్ళకు ముఖ్యము. తిన్న ప్రతిసారీ నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మారుస్తాయి. దుకాణములో కూర్చొని దినమంతా చక్కెర టీ త్రాగేవారికి పళ్ళు కోలుకునే వ్యవధి ఉండదు.

ఆరవ ఏట పాలపళ్ళ వెనుక ఒక పెద్ద పన్ను వస్తుంది. పాలపన్ను ఏదీ ఊడకుండానే వస్తుంది కనుక తల్లిదండ్రులు దానిని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతము ఉండవలసిన పన్ను. పుచ్చితే ఊడిపోయి కొత్తది వస్తుందని వదలివేయకండి.

మధుమేహము ఉన్నవారిలో చిగుళ్ళ జబ్బు ఎక్కువ. చిగుళ్ళ జబ్బు ఉంటే రక్తములో చక్కెర అదుపునకు రావడము కష్టము. రెండూ ఒకదానినొకటి పెంచుకుంటాయి. గుట్కా, తంబాకు నమిలేవారు నోటిలో తెల్లని మచ్చ, మానని పుండు రెండు వారములకు మించి ఉంటే ఆలస్యము చేయకూడదు. పన్ను తీయించుకుంటే కంటిచూపు పోతుందన్న భయము నిరాధారము. పంటి నరములు వేరు, చూపు నరము వేరు.

దవడ క్రింద వాపు, నోరు తెరవలేకపోవడము, మింగలేకపోవడము, జ్వరము, మాట మారిపోవడము కనిపిస్తే తెల్లవారేవరకు కూడా ఆగకండి. ఏ పాలసీ గడువూ చూడకండి. 108కి ఫోను చేయండి.

వారము గడిచాక అల్లునికి ఫోను చేసి ఈ లెక్కంతా చెప్పాను. విని, “అట్లయితే వద్దులే మామా. ఏజెంటుకు నేనే చెప్త” అన్నాడు. ప్రక్కనుండి అతని భార్య, “చిన్నోనికి వెనక పన్ను నల్లగైంది, మరి ఎప్పుడు చూపియ్యాలె?” అని అడిగినది. “రేపే” అన్నాను. పూడిక అయినట్లు మరుసటి సాయంత్రము ఫోటో పంపించారు.

మా తమ్ముడు ఇప్పుడు ఆరోగ్యముగా ఉన్నాడు. గొంతు మీద చిన్న మచ్చ మిగిలినది. నా సలహా గురించి అతను ఇంతవరకు ఒక్క మాట కూడా అనలేదు. మొన్న దసరాకు వచ్చినప్పుడు మాత్రము, మా ఆవిడ పళ్ళు సలుపుతున్నాయని అంటుండగా విని, భోజనము మధ్యలోనే లేచి, “వదినా, చెప్పులేస్కో, పోదాం పా” అన్నాడు. నేను కారు తాళములు తీసుకొని వెంట నడిచాను.